చార్మినార్‌కు నడిచి వెళ్లే దూరంలో ఇల్లు: ముందు కాళ్లకు పని చెప్పండి

ఆదివారం సాయంత్రం. చార్మినార్ పక్కన నిలబడ్డారు. చేతిలో ఇరానీ చాయ్, సాసర్‌లో ఉస్మానియా బిస్కట్. మక్కా మసీదు ముందు పావురాలు ఒక్కసారిగా లేచి, గాల్లో ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే వాలాయి. మీ నోటివెంట ఆ మాట వచ్చేసింది. "ఇక్కడెక్కడైనా ఇల్లుంటే ఎంత బాగుండేది!"

తర్వాత ఏం చేశారు? క్యాబ్ బుక్ చేశారు. ట్రాఫిక్‌లో కూర్చుని మియాపూర్ చేరారు. పొద్దున్నే ఆఫీసు. ఆ మాట మర్చిపోయారు.

ఎన్నేళ్లుగా అంటున్నారు ఈ మాట?

ఈ ఏడాది దాన్ని పని కింద పెట్టుకోండి. అయ్యే పనే ఇది. నేను కూకట్‌పల్లిలో పదేళ్లున్న మనిషిని. ఇప్పుడు మా గడప దాటితే చార్మినార్ 14 నిమిషాల నడక. దీనికి నాకు ఆరు నెలలు పట్టింది. డబ్బు కుదరడానికి పట్టింది కొద్ది రోజులే. మిగతా కాలమంతా నా అలవాట్లు మారడానికే పట్టింది. అందుకే ఈ వ్యాసంలో ఇంటి గురించి ఎంత ఉంటుందో మీ గురించీ అంతే ఉంటుంది.

ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి

ఫోన్‌లో వద్దు. పుస్తకంలో, పెన్నుతో రాయండి. "నాకు చార్మినార్ దగ్గర ఇల్లు కావాలి, ఎందుకంటే..." తర్వాత ఏం వస్తుంది?

"అందంగా ఉంటుంది కాబట్టి" అని రాస్తే కొట్టేయండి. అందం చూడటానికి నెలకోసారి వస్తే చాలు. కిరాయి కట్టాల్సిన పనిలేదు.

ఇలాంటివి రాయండి: "రోజూ గంట నడవాలి, నడిచేచోట నా కళ్లకు పని ఉండాలి." "అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో చదువుకోవాలి." "నా దుకాణం పత్తర్‌గట్టిలో ఉంది, బండి మీద రోజూ రెండు గంటలు పోతోంది." "పిల్లలు ఈ ఊరి చరిత్రను పాఠంలో చదవడం కన్నా ముందే దాని పక్కన ఆడుకోవాలి."

కారణం గట్టిగా ఉంటే చిన్న అసౌకర్యాలు చిన్నవిగానే కనిపిస్తాయి. కారణం పల్చగా ఉంటే, నల్లా ఒక రోజు రాకపోయినా మీరు పెట్టె సర్దేస్తారు.

నా వాక్యం చెప్పనా? "రాత్రి భోజనం తర్వాత చెప్పులేసుకుని బయల్దేరితే గుల్జార్ హౌజ్ దాకా వెళ్లి రావాలి." అంతే. ఆరు నెలలు నన్ను నిలబెట్టింది ఆ ఒక్క వాక్యమే.

15 నిమిషాల గీత

"నడిచే దూరం" అంటే ఎంత? బ్రోకర్ చెప్పే "జస్ట్ వాకబుల్ సార్" లెక్క మీద ఆధారపడొద్దు. మీ కొలత మీరే పెట్టుకోండి. నా సలహా 15 నిమిషాలు. మామూలు నడకతో అది కిలోమీటరు పైచిలుకు. అంతకు మించితే మొదటి నెల నడుస్తారు, రెండో నెల ఆటో ఎక్కుతారు. మనిషి స్వభావం అది. దాంతో కొట్లాడకండి. దాన్ని లెక్కలో వేసుకోండి.

ఇంకో సంగతి. చార్మినార్ ఒక్కటే గమ్యం కాదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కట్టడం చుట్టూ ఒక ఊరే ఉంది. చార్ కమాన్, గుల్జార్ హౌజ్, లాడ్ బజార్, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీ, మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం, హైకోర్టు ముందు నుంచి అవతలి ఒడ్డున కనిపించే ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు. వీటిలో ఏ రెండు మీ రోజువారీ నడకలో ఉండాలో తేల్చుకోండి. రెండు చాలు. అన్నీ కావాలన్నవాళ్లకు ఏ ఇల్లూ నచ్చదు.

నాలుగు ఆదివారాలు, నాలుగు దారులు

ఇది అసలు పని. ఈ నాలుగు ఆదివారాలు ఇల్లు వెతకొద్దు. నడవండి. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టండి. షట్టర్లు మూసి ఉన్నప్పుడే పాతబస్తీ ఇళ్లు కనిపిస్తాయి. దుకాణాలు తెరిచాక బోర్డులే కనిపిస్తాయి.

*మొదటి ఆదివారం: నయాపూల్ నుంచి చార్మినార్.* బస్ దిగి వంతెన దాటండి. మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టిలోకి రండి. రెండువైపులా రాతి కమాన్‌లు, వాటి కింద దుకాణాలు. 1908 మూసీ వరద ఈ నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. దాని హయాంలో లేచిన వరుస ఇది. మెయిన్ రోడ్డు మీద మీకు ఇల్లు దొరకదు, దొరికినా వద్దు. పక్క గల్లీలు చూడండి. ఎక్కడ బాల్కనీలో బట్టలు ఆరేసి ఉన్నాయి, ఎక్కడ పాల ప్యాకెట్లు గుమ్మానికి వేలాడుతున్నాయి, గమనించండి. అక్కడ కుటుంబాలున్నాయి.

*రెండో ఆదివారం: దక్షిణం వైపు.* చార్మినార్ నుంచి శాలిబండ, హరిబౌలి, లాల్‌దర్వాజా, గౌలిపురా. పాతబస్తీ అనగానే ఉర్దూ మాత్రమే వినిపిస్తుందనుకునే మన తెలుగువాళ్లు ఈ దారిలో ఒక్కసారి నడవాలి. గడపకు పసుపు, ముంగిట ముగ్గు, "ఏందే, గింత పొద్దుగాల్నే లేసినవ్?" అని పలకరింపు. హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరు మోస్తున్న మహంకాళి గుడి ఉంది. తానీషా దగ్గర మంత్రులుగా చేసిన ఆ అన్నదమ్ములు మనకు పాఠాల్లో తెలుసు. ఇక్కడ వాళ్ల పేరున్న గుడికి ఏటా బోనాలు లేస్తాయి. లాల్‌దర్వాజా సింహవాహిని బోనాలు సరేసరి. చార్మినార్‌కు నడిచి వెళ్లే దూరంలో తెలుగు కుటుంబానికి ఇల్లు కావాలంటే నేను మొదట పంపేది ఈ వైపే.

*మూడో ఆదివారం: మూసీకి ఉత్తరం.* అఫ్జల్‌గంజ్, బేగంబజార్, కోఠి, సుల్తాన్‌బజార్. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. 1901లో, తెలుగు చదవాలంటే తడుముకోవాల్సిన కాలంలో ఈ నగరంలో పుట్టిన తెలుగు గ్రంథాలయం. పుస్తకాలే మీ కారణమైతే ఈ వైపు ఉండండి. ఎంజీబీఎస్ మెట్రో కూడా దగ్గర. చార్మినార్ మాత్రం 15 నిమిషాల గీతకు బయటికి పోతుంది. అది ఒప్పుకునే ఎంచుకోవాలి.

*నాలుగో ఆదివారం: మీకు నచ్చిన దారిలో మళ్లీ.* కొత్తది చూడొద్దు. అదే గల్లీ, అదే టీ కొట్టు. ఈసారి కూర్చోండి.

నాలుగు వారాలు ఎందుకు? మొదటి వారం మీరు టూరిస్టు. నాలుగో వారానికి టీ కొట్టాయన "షక్కర్ కమ్ కదా?" అని అడుగుతాడు. పాతబస్తీలో ఇళ్ల సమాచారం యాప్‌లో కన్నా ఆ టీ కొట్టులోనే ఎక్కువ.

అడగడం ఒక స్కిల్. నేర్చుకోండి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గల్లీలో నిలబడతారు. ఫోన్ చూసుకుంటారు. ఎవరినీ అడగరు. వెళ్లిపోతారు. ఇంటికెళ్లి "ఏమీ లేవు అక్కడ" అంటారు.

సిగ్గు మీ స్వభావం అనుకోవద్దు. అది సాధన లేకపోవడం, అంతే. రోజుకు ముగ్గురిని అడగాలి అని టార్గెట్ పెట్టుకోండి. మొదట ఇస్త్రీ బండి దగ్గర అడగండి. ఏ ఇంటి బట్టలు రావడం ఆగిపోయాయో అతనికి తెలుసు. అంటే ఏ ఇల్లు ఖాళీ అయిందో తెలుసు. తర్వాత కిరాణా కొట్టు. తర్వాత గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ.

మాట ఇలా ఉండాలి. "అన్నా, ఈడ ఏమన్న పోర్షన్ కిరాయికి ఉన్నదా? మేం నలుగురం. అమ్మ కూడా ఉంటది. లిఫ్ట్ లేకున్నా పర్లేదు, కింద ఉంటే మంచిది." ఒక్క శ్వాసలో అన్నీ చెప్పేశారు. ఎదుటి మనిషికి ఇక మీ గురించి ఊహించాల్సిన పనిలేదు. శాలిబండలో అన్న, అక్క. పత్తర్‌గట్టి గల్లీల్లో భాయ్, పెద్దాయనైతే చిచ్చా. ముందు సలాం లేదా నమస్తే, తర్వాతే ప్రశ్న. వచ్చీరాని ఉర్దూ అయినా సరే మాట్లాడండి. తప్పులు మాట్లాడితే ఇక్కడ ఎవరూ తక్కువగా చూడరు, పదం అందిస్తారు.

మొదటి మాటలోనే నిజం చెప్పండి. బ్యాచిలర్లా, కుటుంబమా, వెజ్జా నాన్‌వెజ్జా, రాత్రి డ్యూటీ ఉందా. ఇవి అడగనే అడుగుతారు. దాచి చేరితే రోజూ భయం. చెప్పి చేరితే నిద్ర పడుతుంది. కొందరు కాదంటారు. అననివ్వండి. నాకు 11 మంది కాదన్నారు. పుస్తకంలో లెక్క రాసుకున్నాను. ప్రతి "కాదు" పక్కన ఆ మనిషి చెప్పిన ఇంకో ఇంటి గుర్తు కూడా రాసుకున్నాను. పన్నెండో ఇల్లు ఆ గుర్తుల్లోంచే వచ్చింది.

ఇక చుట్టాలు. "పాతబస్తీలోనా? అక్కడెందుకురా?" మా అమ్మ కూడా అదే అంది. రెండు రోజులు మాట్లాడలేదు. వాదించకండి. వాదనతో భయం పోదు. తీసుకెళ్లి చూపించండి. ఒక ఉదయం, ఒక సాయంత్రం. చూశాక కూడా వద్దంటే ఆ కారణం వినండి. అందులో పనికొచ్చేది ఉంటుంది. మా అమ్మ చెప్పిన కారణం మెట్లు. ఆ రోజు నుంచి పై అంతస్తులు చూడటం మానేశాను.

టోకెన్ ఇవ్వొద్దు. ఆ రోజు ఇవ్వొద్దు

నా తప్పు చెప్తాను. రెండో నెలలో ఒక బ్రోకర్ రాత్రి ఎనిమిదింటికి ఒక పోర్షన్ చూపించాడు. ఎత్తైన కప్పు, రంగు అద్దాల కిటికీ, పాత చెక్క తలుపుకు ఇత్తడి గొళ్లెం. మనసు జారిపోయింది. "రేపటికి ఉండదు సార్" అన్నాడు. 5,000 టోకెన్ ఇచ్చేశాను. పొద్దున వెళ్తే కింది వాటాలో లోహం కొట్టే వర్క్‌షాప్. తొమ్మిదింటికి మొదలైన సుత్తి చప్పుడు ఆగలేదు. డబ్బు వెనక్కి రాలేదు.

ఆ రోజు ఒక రూల్ పెట్టుకున్నాను. ఏ ఇల్లయినా నాలుగుసార్లు, నాలుగు వేళల్లో చూడాలి.

- పొద్దున ఆరింటికి. నల్లా ఏ రోజు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, పై అంతస్తుకు ఎక్కుతుందా. బిందె పట్టుకుని నిలబడ్డ మనిషినే అడగండి.
- శుక్రవారం మధ్యాహ్నం. జుమ్మా నమాజ్ వేళ మక్కా మసీదు చుట్టూ దారులు నిండుతాయి. మీ బండి ఎటు నుంచి వెళ్తుందో చూసుకోండి.
- రాత్రి పదింటికి. గల్లీలో లైట్లు వెలుగుతున్నాయా. ఇంట్లో ఆడవాళ్లను తీసుకుని నడవండి. వాళ్ల మాటే ఫైనల్.
- వానరోజు. ఇది తప్పనిసరి. 2020 అక్టోబర్ వానల్లో పాతబస్తీలో చాలా కాలనీలు నీళ్లలో నిలిచాయి. మీరు చూసే గల్లీలో గోడ మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉంది? "అప్పుడు నీళ్లు ఎందాక వచ్చినయ్?" అని పక్కింట్లో అడగండి. వేలు పెట్టి చూపిస్తారు.

పండుగల క్యాలెండర్ కూడా పుస్తకంలో రాసుకోండి. రంజాన్ నెలంతా చార్మినార్ రాత్రి నిద్రపోదు. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం ఊరేగింపు డబీర్‌పురా నుంచి బయల్దేరి చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ వెళ్తుంది. బాలాపూర్ గణపతి నిమజ్జనానికి ఈ దారినే కదులుతాడు. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలు. ఆ రోజుల్లో రోడ్లు మూస్తారు. క్యాబ్ రాదు. ఇది ఇబ్బంది అనుకునేవాళ్లు దూరంగానే ఉండటం మంచిది. ఈ ఊరేగింపులు మన గడప ముందు నుంచి వెళ్తాయని సంతోషపడేవాళ్లకే ఈ ఇల్లు.

ఇంట్లోకి వెళ్లాక కప్పు చూడకండి, మెట్లు చూడండి

ఈ భాగం నెమ్మదిగా చదవండి.

2025 మే 18 తెల్లవారుజామున గుల్జార్ హౌజ్ దగ్గర ఒక భవనంలో మంటలు అంటుకుని 17 మంది చనిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలున్నారు. కింద దుకాణాలు, పైన కాపురం, రావడానికీ పోవడానికీ ఇరుకైన దారి. పాతబస్తీ ఇళ్లలో చాలావాటి అమరిక ఇదే. ఆ ఉదయం తర్వాత నేను ఏ ఇంట్లోకి వెళ్లినా మొదట అడిగే ప్రశ్న మారిపోయింది. "ఇంకో దారి ఎటుంది?"

మీరూ అదే అడగండి. జవాబు "లేదు" అయితే ఆ ఇంట్లో ఎంత అందమైన కమాన్ ఉన్నా బయటికి వచ్చేయండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

తర్వాత ఇవి చూడండి.

మీటర్ బోర్డు ఎక్కడుంది? మెట్ల కిందా? దాని పక్కన అట్టపెట్టెలు, స్కూటర్లు పెట్టారా? వైరింగ్ ఎప్పుడు మార్చారు? గుడ్డ చుట్టిన పాత వైర్లు కనబడితే, ఏసీ బిగించే ముందు ఓనర్‌తో కొత్త వైరింగ్ మాట్లాడుకోండి. కిరాయి 1,000 ఎక్కువ అడిగినా ఇవ్వండి.

కిటికీలకు గ్రిల్ ఉందా? ఒక్క గ్రిల్ అయినా లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలి. వెల్డింగ్ షాపులో సగం రోజు పని.

గోడ మీద అరచెయ్యి ఆనించండి. పాత ఇళ్ల గోడలు రాయి, డంగు సున్నం. ఆ గోడ తేమను పీల్చి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోతుంది. నాకు చూపించిన ఒక గదిలో నడుము ఎత్తు దాకా కొత్త సిమెంటు ప్లాస్టర్, దాని మీద నున్నటి పెయింట్. వేలితో తడితే డొల్ల శబ్దం. గోరుతో గీరితే పెయింట్ పొరలా లేచింది, వెనక ఉప్పు తెల్లగా పొడిపొడిగా రాలింది. ఓనర్ మంచివాడే. "కొత్తగా చేయించిన సార్" అని సంతోషంగా చెప్పాడు. కానీ ఆ గదిలో అమ్మ మంచం వేయలేను. పక్క గదిలో పాత సున్నం గోడ అలాగే ఉంది. రంగు వెలిసిపోయింది, అక్కడక్కడా పెచ్చులూడింది, కానీ చెయ్యి పెడితే పొడిగా, చల్లగా ఉంది. అందుకే చెప్తున్నాను, కొత్తగా మెరిసే గోడను అనుమానించండి. మాసిన గోడను తాకి చూడండి.

కప్పు చెక్క దూలాల మీద ఉంటే దూలం గోడలోకి వెళ్లే చోట చూడండి. చెదలు అక్కడే మొదలవుతాయి. మట్టి గీతలు కనిపిస్తాయి.

గల్లీలోకి మీ ఫ్రిజ్ వస్తుందా? టేప్ తీసుకెళ్లి మలుపు కొలవండి. అంబులెన్స్ ఎందాక రాగలదు? ఆ దూరం నడిచి చూడండి. కారు ఉందా? అయితే అది ఎక్కడ నిలబడుతుందో ఇల్లు చూడకముందే తేలాలి. నేనైతే కారు అమ్మేశాను. ఆ నిర్ణయం మీ మీద రుద్దను. కానీ 15 నిమిషాల గీతలో ఉంటూ కారు అవసరం ఎంత మిగిలిందో మూడు నెలలు రాసి చూసుకోండి.

ముందు కిరాయి. తర్వాతే కొనుగోలు

కనీసం ఒక ఏడాది కిరాయికి ఉండండి. ఒక రంజాన్, ఒక వానాకాలం, ఒక బోనాలు మీ మీదుగా వెళ్లాలి. అప్పుడు మీకే తెలుస్తుంది.

అగ్రిమెంట్ రాసుకోండి. "మన మధ్య కాగితాలెందుకు" అని ఓనర్ ఆప్యాయంగా అన్నా రాసుకోండి. 11 నెలలకు రాయడం మామూలు. ఏడాది దాటిన లీజ్ అయితే రిజిస్టర్ చేయించాల్సిందే. అడ్వాన్స్ ఎంత ఇచ్చారో, నీళ్లు, కరెంటు ఎవరు కట్టాలో, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలో, సున్నం ఖర్చు ఎవరిదో అందులో ఉండాలి.

కొనాలనుకుంటే క్రమశిక్షణ ఇంకా కావాలి. ఇక్కడ తొందరపాటుకు ధర ఎక్కువ.

మొదటిది, వారసులు. పాత ఇల్లంటే మూడు తరాల వాటాలు. ఒకాయన అమ్ముతానంటాడు, అక్క జెడ్డాలో ఉంటుంది, తమ్ముడి పిల్లలు షికాగోలో ఉంటారు. అందరి సంతకం లేకుండా అడ్వాన్స్ కట్టొద్దు.

రెండోది, కాగితాలు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి. తెలంగాణలో 1983 నుంచి ఉన్న వివరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. నిజాం కాలపు దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి. అనువాదం చేయించి లాయర్‌కు చూపించండి. "మాకు తెలుసులే" అన్న మాట మీద ముందుకెళ్లొద్దు. ఆ ఆస్తి వక్ఫ్‌దా, నిషేధిత జాబితాలో ఉందా చూడండి. వక్ఫ్ ఆస్తి అయితే ఎవరు అమ్మినా అది మీది కాదు.

మూడోది చాలామందికి తెలియనిది. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాతి 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. 100 మీటర్ల లోపు ఉన్న పాత ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, దానికీ అనుమతి తీసుకోవాలి. అంటే "కొని, పడగొట్టి, నాలుగంతస్తులు లేపుదాం" అన్న ఆలోచన అక్కడ నడవదు. నన్నడిగితే అది మంచి చట్టం. 400 ఏళ్ల కట్టడం పక్కన ఉండాలని వచ్చాం. దాన్ని కప్పేసే గోడ మనమే కట్టకూడదు. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా మీకు నచ్చిందా? నచ్చితేనే కొనండి.

నాలుగోది, రోడ్డు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు పాతబస్తీ మెట్రో దారి దారుల్‌షిఫా, శాలిబండ మీదుగా గీశారు. ఆ వరుసలో ఆస్తుల సేకరణ జరిగింది. మెయిన్ రోడ్డును ఆనుకున్న ఇల్లు చూస్తుంటే అలైన్‌మెంట్ మ్యాప్‌లో దాన్ని వెతికి చూశాకే రెండో అడుగు వేయండి.

చేరాక మొదటి 30 రోజులు

ఇల్లు దొరికింది. సామాను దిగింది. ఇక్కడ చాలామంది మళ్లీ పాత మనిషి అయిపోతారు. సోఫా, టీవీ, ఫోన్. చార్మినార్ పక్కనే ఉంటుంది, వీళ్లు చూడరు. మీరు అలా కాకూడదు. మొదటి నెలలోనే అలవాటు వేయండి.

పొద్దున ఏడు లోపు ఒక నడక. రోజూ ఒకే దారి. దారి మారిస్తే చూపు చెదురుతుంది. ఒకే దారి అయితే చిన్న మార్పు కూడా కళ్లకు తగులుతుంది. ఏ కమాన్ మీద మొక్క మొలిచింది, ఏ పాత తలుపు మాయమైంది, మీకే ముందు తెలుస్తుంది.

వారానికి ఒక లోపలి చోటు. ఒక వారం సాలార్‌జంగ్, ఒక వారం చౌమహల్లా. రెండూ శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. ఇంకో వారం బాద్‌షాహీ అషుర్‌ఖానా. 1594 నాటిది. గోడల మీది రంగు పలకల పనితనం చూడటానికి ఒక పూట చాలదు. దగ్గరే ఇల్లున్నవాళ్లకు ఒక హాయి ఉంది. ఒక్కసారే అన్నీ చూసేయాలన్న హడావుడి ఉండదు. ఒక గోడ చూసి వచ్చేయొచ్చు.

కొనేది గల్లీలోనే కొనండి. పాలు, కూర, ఇస్త్రీ, చెప్పులు కుట్టించుకోవడం. పది రూపాయలు తక్కువని యాప్‌లో తెప్పించుకోకండి. ఈ ఊరు మిమ్మల్ని గుర్తుపట్టాలంటే మీ చేతి నుంచి ఏదో ఒకటి రోజూ వాళ్ల చేతికి వెళ్లాలి.

పక్కింటి పండుగకు వెళ్లండి. షీర్ ఖుర్మా గిన్నె వస్తే ఖాళీ గిన్నె పంపొద్దు. మన ఇంట్లో ఉగాదికి బొబ్బట్లు చేసినప్పుడు పక్కింటికి రెండు ఎక్కువ చేయండి.

మా అమ్మ సంగతి చెప్పి ఆపుతాను. రెండు రోజులు మాట్లాడని మనిషి. ఇక్కడికొచ్చిన మూడో నెలలో ఒక సాయంత్రం ఇంట్లో కనిపించలేదు. కంగారు పడ్డాను. ఏడింటికి తిరిగొచ్చింది. ఒక్కతే నడిచి లాడ్ బజార్ వెళ్లిందట. లక్క గాజులు, బేరమాడి తెచ్చింది. వేసుకుని చూస్తే సైజు తప్పు, 2-6 అడిగితే 2-4 ఇచ్చారు. "రేపు నేను వెళ్లి మార్చుకొస్తాలే అమ్మా" అన్నాను.

"నువ్వెందుకు? దగ్గరే కదా" అంది. మర్నాడు కాఫీ తాగి, చెప్పులేసుకుని, గాజుల పొట్లం కొంగులో పెట్టుకుని బయల్దేరింది.